వరదగుడి చెప్పే కబురు

కృష్ణా డెల్టాలోని మా తాతయ్య ఊళ్లో, ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే రోజుల మాట. చందమామ చుట్టూ తెల్లటి వలయం కనిపించిందంటే తాతయ్య మంచం మీదే లేచి కూర్చునేవారు. చేయి బారచాపి, బొటనవేలి కొన చంద్రుడి మీద పెట్టి, చిటికెనవేలు ఎక్కడిదాకా వెళ్తుందో చూసేవారు. దగ్గర గుడి అయితే దూరాన వాన, దూరపు గుడి అయితే దగ్గర్లో వాన అని ఆయన లెక్క. కళ్లంలో కుప్ప మీద గడ్డి కప్పాలా అక్కర్లేదా అన్నది ఆ జానే తేల్చేది. గుడి కట్టిన ప్రతిసారీ వాన పడలేదు. ఆ సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆ వలయానికి మన భాషలో పేరు 'వరదగుడి'. పరివేషం అనే సంస్కృత మాట పక్కనే ఉన్నా, జనం నోట్లో ఇదే నిలిచింది. ఆకాశంలో గీసిన గీతకు వరద పేరు పెట్టిన భాష మనది.

తాతయ్య జానలో కొంత సైన్సూ ఉంది. చేయి చాచి పట్టిన జాన ఆకాశంలో దాదాపు 20 డిగ్రీలు. చాలా ఎత్తున పలచగా పరుచుకునే మంచు పలుకుల మబ్బులోంచి వెన్నెల వంగి వచ్చినప్పుడు ఏర్పడే వలయం సరిగ్గా 22 డిగ్రీల దూరంలో ఉంటుంది. చంద్రుడికి అంటుకున్నట్టుండే చిన్న గుడిది వేరే కథ. అది నీటి బిందువుల మబ్బు వల్ల వచ్చేది. పెద్ద గుడి కనిపించిందంటే ఎక్కడో ఒక భారీ మేఘం తల విప్పుకుందని, దాని అంచు మన నెత్తి మీదికి వచ్చిందని అనుకోవచ్చు. అనుకోవచ్చు అంతే. ఆ భారీ మేఘం మన ఊరికే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ప్రపంచంలోని వాన రికార్డులన్నీ ఒకచోట పోసి చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే తోస్తుంది. వాటిలో మేఘం ఎంత పెద్దదన్నది రెండో సంగతి. మొదటిది, ఏదో ఒకటి వరస తప్పడం. కదలాల్సింది కదలదు, నెల తర్వాత రావాల్సింది ముందే వస్తుంది, ఎన్నడూ ఎదురుపడని రెండు గాలులు ఎదురుపడతాయి. ఆ తప్పిన వరసను ముందుగా పట్టుకున్నవాళ్ల కథలూ, పట్టుకోలేకపోయినవాళ్ల కథలూ కొన్ని ఇక్కడ.

ఒక్క పూట తేడాలో

పన్నెండు నెలల్లో అత్యధిక వాన పడిన రికార్డు మేఘాలయలోని చిరపుంజిది. 1860 ఆగస్టు 1 నుంచి 1861 జులై 31 దాకా 2,647 సెంటీమీటర్లు. ఎనిమిదంతస్తుల మేడ ఎత్తు నీళ్లు. అందులో ఒక్క 1861 జులైలోనే 930 సెంటీమీటర్లు పడింది. హైదరాబాద్‌కు పదేళ్లకు పైగా సరిపోయే వాన అక్కడ ముప్పై ఒక్క రోజుల్లో అయిపోయింది.

ఆ రికార్డు ఏడాది జులై 31తో ముగిసింది కదా. ఆ మర్నాడే, అంటే 1861 ఆగస్టు 1న, లండన్‌లోని 'ది టైమ్స్' పత్రిక పాఠకుల కోసం మొట్టమొదటి వాతావరణ సూచన అచ్చేసింది. రాసినవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్‌ను బీగిల్ ఓడలో ప్రపంచం చుట్టూ తిప్పిన కెప్టెన్ ఆయనే. ప్రపంచ రికార్డు వాన ముగిసిన మర్నాడే వాన జోస్యం అచ్చులోకి వచ్చిందన్నమాట. ఏ సంబంధమూ లేని కాకతాళీయం ఇది. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

చిరపుంజి వానకూ మన ఎండకూ మాత్రం నిజంగానే సంబంధం ఉంది. జులై, ఆగస్టుల్లో రుతుపవన ద్రోణి మధ్య భారతం మీదుగా ఉంటే మనకు వానలు. అది ఉత్తరానికి జరిగి హిమాలయాల పాదాల దగ్గర కూర్చుంటే మన పొలాల్లో నెర్రెలు, మేఘాలయలో కుంభవృష్టి. ఆ నీళ్లన్నీ కొండ దిగి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ మైదానం మీద పడతాయి. ఇక్కడ మనం వానదేవుణ్ణి తిట్టుకునే వారంలోనే అక్కడివాళ్లు ఇళ్ల పైకప్పులెక్కి ఉంటారు.

జలగల పంచాయతీ

ఫిట్జ్‌రాయ్ కంటే పదేళ్ల ముందు, 1851 లండన్ మహాప్రదర్శనలో ఒక యంత్రం జనాన్ని ఆకర్షించింది. దాని పేరు టెంపెస్ట్ ప్రోగ్నాస్టికేటర్. విట్బీ అనే రేవు ఊరి డాక్టర్ జార్జ్ మెర్రీవెదర్ దాన్ని తయారు చేశాడు. పన్నెండు గాజు సీసాలు గుండ్రంగా పేర్చి, ఒక్కోదాంట్లో ఒక్కో జలగను వేశాడు. తుపాను దగ్గరపడితే జలగలు సీసా మెడలోకి పాకి అక్కడున్న తిమింగలం ఎముక ముక్కను కదుపుతాయి. దానికి కట్టిన గంట మోగుతుంది. గంట ఎన్నిసార్లు మోగితే గాలివాన అంత ఖాయం. సీసాలు గుండ్రంగా పేర్చడానికి కారణం కూడా ఉంది: జలగలు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటే ఒంటరితనం ఉండదని ఆ డాక్టరుగారి ఆలోచన. ఓడరేవులన్నిట్లో ఇవి పెట్టించమని ప్రభుత్వాన్ని అడిగాడు గానీ వాళ్లు వినలేదు.

జలగలను చూసి నవ్వుకునే ముందు ఇంకో సంగతి. అమెరికాలో వీరీ అనే చిన్న పిట్ట ఉంది. ఆ పిట్టల గూళ్లను దాదాపు ఇరవై ఏళ్లు చూసిన పరిశోధకుడు క్రిస్టఫర్ హెక్షర్, 2018లో ఒక పత్రం వెలువరించారు. తుపానులు ఎక్కువగా చెలరేగిన ఏళ్లలో ఈ పిట్టలు గుడ్లు పెట్టే కాలాన్ని ముందే ముగించేస్తున్నాయట, తుపానుల కాలం ఊపందుకోవడానికి నెలల ముందే. వాటికెలా తెలుస్తోందో తేలలేదు. మన దగ్గర గుజరాత్, రాజస్థాన్ రైతులు తీతువు పిట్ట గుడ్లు గట్టు మీద పెట్టిందా, పల్లంలో పెట్టిందా అని చూస్తారు. గట్టు మీద పెడితే ఆ ఏడు వానలు గట్టివని వాళ్ల నమ్మకం.

నూట తొంభై అయిదు రోజులు

వరాహమిహిరుడి బృహత్సంహితలో మేఘాలకు గర్భం, ప్రసవం ఉన్నాయి. చలికాలంలో ఫలానా రోజు మబ్బు గర్భం దాల్చితే 195 రోజులకు వాన పుడుతుందని లెక్క. ఆ లెక్క నిలిచేది కాదు. కానీ ఆరు నెలల ముందటి ఆకాశంలో ఇప్పటి వాన గుర్తు వెతకాలన్న ఆలోచన ఉంది చూశారూ, అది మాత్రం చావలేదు. 1904లో భారత వాతావరణ శాఖ పగ్గాలు పట్టుకున్న గిల్బర్ట్ వాకర్ చేసిందీ అదే. ఆయన గణిత పండితుడు. బూమరాంగ్ ఎలా తిరిగొస్తుందో లెక్క కట్టినవాడు కాబట్టి కేంబ్రిడ్జిలో 'బూమరాంగ్ వాకర్' అనేవారు. ఇక్కడి గుమాస్తాల చేత ప్రపంచం నలుమూలల పీడనాలు, వానలు, నదుల మట్టాలు ఏళ్ల తరబడి లెక్కలు కట్టించాడు, చేత్తోనే. రుతుపవనాల జోస్యం చెప్పాలన్నది ఆయన లక్ష్యం. అది చేజిక్కలేదు. చేజిక్కింది మరొకటి: పసిఫిక్ మీద గాలి పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుంది, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది. సముద్రాల మధ్య తూగే ఆ ఉయ్యాలే ఎల్‌నినోలో సగం. వాన కోసం తవ్వితే ఉయ్యాల దొరికింది.

కాలు కదపని తుపానులు

తుపాను గంటకు నూట యాభై కిలోమీటర్ల గాలితో వస్తుందంటే భయపడతాం. వరద లెక్కల్లో భయపడాల్సింది ఆ అంకెకు కాదు. తుపాను నడక ఎంత వేగంగా ఉందన్నదానికి. పరిగెత్తే తుపాను చెట్లు కూల్చి పోతుంది. నిలబడ్డ తుపాను నదులను పైకి లేపుతుంది.

హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న చిన్న దీవి రీయూనియన్. నిట్టనిలువు అగ్నిపర్వతాల దీవి. 24 గంటల ప్రపంచ రికార్డు అక్కడిదే. 1966 జనవరి 7, 8 తేదీల్లో ఫోక్‌ఫోక్ అనే చోట 182.5 సెంటీమీటర్లు. మూడు రోజుల రికార్డూ అక్కడిదే. 2007 ఫిబ్రవరిలో గామెడ్ తుపాను రోజుల తరబడి చుట్టుపక్కలే తచ్చాడింది, దీవిని నేరుగా తాకనే లేదు. అయినా కొమెర్సన్ అగ్నిబిలం దగ్గర మూడు రోజుల్లో 393 సెంటీమీటర్లు పడింది. సముద్రం మీద తడిసిన గాలి కొండను గుద్దుకుని పైకెక్కుతూనే ఉంటే, దాన్ని పిండేపని కొండే చూసుకుంటుంది. రెండు రోజుల రికార్డు మళ్లీ మన చిరపుంజిది: 1995 జూన్ 15, 16 తేదీల్లో 249.3 సెంటీమీటర్లు. కొండ, తడిగాలి, ఆగిపోవడం. చోటు మారినా సరుకు అదే.

2017 ఆగస్టులో హార్వీ తుపాను అమెరికాలోని టెక్సాస్ మీద ఇలాగే నిలబడిపోయింది. అటొక అధిక పీడనం, ఇటొక అధిక పీడనం, నడుమ ఎటూ పోలేక ఇరుక్కుంది. నెడర్లాండ్ అనే ఊళ్లో మొత్తం 154 సెంటీమీటర్లు నమోదైంది. అక్కడి జాతీయ వాతావరణ సంస్థ వాన పటాల్లో తక్కువకు పచ్చ, ఎక్కువకు ఎరుపు, మరీ ఎక్కువకు ఊదా రంగు వేస్తుంది. హార్వీ వానకు ఆ రంగులు చాలలేదు. పటంలో ఎక్కడ చూసినా ఒకే ఊదా ముద్ద కనిపిస్తోందని, అప్పటికప్పుడు రెండు కొత్త ఊదా ఛాయలు చేర్చారు. రంగులపెట్టెకే గండిపడిన వరద అది.

చైనాలోని హెనాన్‌ది ఇంకో రకం. 2021 జులై 20 సాయంత్రం నాలుగు నుంచి అయిదు గంటల మధ్య జెంగ్‌జౌ నగరంలో 20 సెంటీమీటర్ల వాన పడింది. ఒక్క గంటలో. ఆ నగరానికి ఏడాది మొత్తానికి సగటున పడేది 64 సెంటీమీటర్లు. మెట్రో సొరంగంలో రైలు ఆగిపోయి, మెడ దాకా నీళ్లలో నిలబడ్డ ప్రయాణికుల ఫొటోలు అందరం చూశాం. ఆ నీళ్లను మోసుకొచ్చింది ఇన్‌ఫా తుపాను. అది ఆ వేళ ఆ నగరం మీద లేదు, చైనా తీరం మీద కూడా లేదు. దూరంగా సముద్రంలోనే ఉండి, తడిగాలిని పైపు పెట్టినట్టు లోపలికి తోసింది.

పేరు లేని వానలు

మనకో అలవాటు ఉంది. తుపానుకు పేరు పెట్టగానే టీవీ వాళ్లు మైకు పట్టుకుని తీరానికి వెళ్తారు, మనం పాలప్యాకెట్లు, కొవ్వొత్తులు తెచ్చుకుంటాం. పేరు లేకపోతే పట్టించుకోం. రికార్డులు చూస్తే మాత్రం పేరు పెట్టని వానలూ తక్కువేమీ ముంచలేదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అందరికీ గుర్తుంది. అదే నెల 17, 18 తేదీల్లో తమిళనాడు కొసన, తూత్తుకుడి దగ్గర కాయల్‌పట్టినం అనే ఊళ్లో ఒక్కరోజులో దాదాపు 95 సెంటీమీటర్ల వాన పడింది. దానికి కారణం తుపాను కాదు, వాయుగుండం కాదు. కన్యాకుమారి సముద్రం మీద ఉపరితల ఆవర్తనం, అంతే. 'కోస్తాలో అక్కడక్కడా వానలు పడతాయి' అని వార్తల చివర్లో చదివేస్తారే, అలాంటి మాట.

తెలంగాణ రికార్డూ ఈ జాతిదే. 2023 జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్లు పడింది. పదేళ్లుగా నిలిచిన వాజేడు రికార్డు 51.75 చెరిగిపోయింది. దీనికి కారణం ఒట్టి అల్పపీడనం. పక్క జిల్లా భూపాలపల్లిలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మిద్దెల మీదికి, చెట్ల మీదికి ఎక్కింది.

2005 జులై 26 ముంబై సంగతి చెప్పక్కర్లేదు. సాంటాక్రజ్‌లో 94.4 సెంటీమీటర్లు పడిన రోజున, అదే నగరం దక్షిణ కొస కొలాబాలో పడింది 7.3. ఒకే నగరం, నడుమ పాతిక కిలోమీటర్ల దూరం. కొలాబా ఆఫీసు కిటికీలోంచి చూసినవాడికి అది మామూలు జులై వాన. ఆనాటికి ముంబైలో డాప్లర్ రాడార్ లేదు.

మాస్కో ఎండ, పెషావర్ వరద

2010 జులై 29న మాస్కోలో 38.2 డిగ్రీల ఎండ కాసింది. ఆ నగరం ఎన్నడూ ఎరగని వేడి. చుట్టూ అడవులు, పీట్ నేలలు తగలబడి ఊరంతా పొగ. సరిగ్గా ఆ రోజుల్లోనే పాకిస్తాన్ వాయవ్య కొండల మీద రుతుపవన వాన విరుచుకుపడి, సింధూ నది వెంబడి దేశంలో అయిదో వంతు నీట మునిగింది. రెండు కోట్ల మంది ఇబ్బంది పడ్డారు.

రెండింటికీ ఒకటే తాడు. రష్యా మీద ఒక అధిక పీడనం వారాల తరబడి మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు పారే జెట్ గాలి దాన్ని దాటలేక, చుట్టు తిరిగి దక్షిణానికి జారింది. ఆ జారిన గాలి పాకిస్తాన్ కొండల మీద రుతుపవనాలకు ఎదురైంది. పీటర్ వెబ్‌స్టర్ అనే శాస్త్రవేత్త తర్వాత ఐరోపా వాతావరణ కేంద్రం పాత సూచనలు తిరగేసి చూశారు. ఆ వాన ఆరు నుంచి ఎనిమిది రోజుల ముందే ఆ సూచనల్లో కనిపించిందని 2011లో తేల్చి రాశారు. కనిపించిందే గానీ ఆ మాట సింధూ ఒడ్డున గుడిసె వేసుకున్నవాడి దాకా రాలేదు.

మేకు కొట్టినట్టు నిలిచే ఈ అధిక పీడనాల్లో ఒక రకం పటంలో గ్రీకు అక్షరం ఒమేగా ఆకారంలో ఉంటుంది. మధ్యలో ఎండ, రెండు కాళ్ల దగ్గర వాన. 2023 సెప్టెంబరులో ఐరోపా మీద ఇలాంటి ఒమేగా నిలిచింది. నడుమ ఉన్న దేశాలు ఎండకు ఉడుకుతుంటే, ఒక కాలి దగ్గర గ్రీసులోని జగోరాలో ఒక్క రోజులో 75 సెంటీమీటర్లు కురిసింది. ఆ డేనియల్ తుపానే మధ్యధరా దాటి లిబియా చేరి, డెర్నా నగరం పైనున్న రెండు ఆనకట్టలను తెంపింది. కాబట్టి ఎక్కడో అన్యాయమైన ఎండ వారాల తరబడి కదలకుండా కాస్తోందంటే, ఆ ఎండకు రెండు పక్కలా ఏముందో చూడాలి.

కరువేటి వరద

ఇది మన ఇంటి కథ కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం.

2009 ఎల్‌నినో ఏడు. దేశం మొత్తం మీద రుతుపవన వాన 22 శాతం తక్కువ. సెప్టెంబరు చివరికి వచ్చేసరికి రాయలసీమలో పంటలు ఎండి, కరువు మండలాల లెక్కలు నడుస్తున్నాయి. జలాశయాల్లో నీళ్లు చూస్తే ఎవరికైనా ప్రాణం లేచొచ్చే కాలం అది. ఒక్క చుక్క వదలడానికి మనసొప్పదు.

సరిగ్గా అప్పుడు, పోతూ పోతూ ఉన్న రుతుపవనాలకు బంగాళాఖాతంలోని అల్పపీడనం తోడై, కర్నూలు, మహబూబ్‌నగర్, ఉత్తర కర్ణాటక మీద మూడు నాలుగు రోజులు కుండపోతగా కురిసింది. కృష్ణ, తుంగభద్ర, హంద్రీ ఒక్కసారే పొంగాయి. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసేచోట ఉన్న కర్నూలు మునిగింది. పాత బస్తీలో నీళ్లు ఒకటో అంతస్తు దాటాయి. మంత్రాలయం మఠం నీళ్లలో నిలిచింది.

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు 896 దాటాయి. వచ్చిన వరద 25 లక్షల క్యూసెక్కులకు పైన. ఆనకట్టను కట్టింది సుమారు 19 లక్షల వరదను తట్టుకునేలా. ఆ రెండు అంకెల నడుమ ఉన్న తేడాను ఆ రాత్రి కాపలా కాసిన ఇంజినీర్లు ఎలా భరించారో ఊహించుకోవచ్చు. ఆనకట్ట నిలిచింది. నీళ్లు కిందికి దిగి, విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.10 లక్షల క్యూసెక్కులు పారాయి.

ఎల్‌నినో అంటే కరువని మనకు నూరిపోశారు. మొత్తం లెక్కలో అది నిజమే. ఏడాది సగటుకు, ఒక వారం వానకు చుట్టరికం లేదు. పైగా మన తూర్పు తీరంలో ఎల్‌నినో ఏళ్లలో ఈశాన్య రుతుపవనాలు జోరుగా ఉండటం ఎక్కువ. 2015 డిసెంబరులో చెన్నై మునిగిందీ బలమైన ఎల్‌నినో ఏడాదిలోనే.

తీరం అక్కడ, వాన ఇక్కడ

2024 ఆగస్టు నెలాఖరు. వాయుగుండం సెప్టెంబరు 1 తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అందరి కళ్లూ అటే. వాన మాత్రం మూడు వందల కిలోమీటర్లకు పైగా ఇవతల విజయవాడ, ఖమ్మం మీద పడింది. బుడమేరు వాగుకు మూడు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ చెరువైంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పారి 2009 రికార్డు చెరిగింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దిమ్మెలను గుద్దాయి.

ఇందులో వింత ఏమీ లేకపోవడమే అసలు వింత. రుతుపవన కాలపు వాయుగుండం పడమటికి, వాయవ్యానికి నడుస్తుంది. దాని భారీ వానంతా నడిచే దారికి ఎడమచేతి వైపు, అంటే నైరుతి దిక్కున పడుతుంది. వాతావరణ శాస్త్రంలో ఇది పాత పాఠం. కళింగపట్నంలో చుక్క పెట్టి, కాస్త పడమటికి వాల్చి నైరుతికి గీత గీస్తే అది విజయవాడ వైపే పోతుంది. టీవీల్లో తిరిగే పటంలో మనం చూసేది గుండ్రంగా తిరిగే ఆ చుక్కనే. చూడాల్సింది దాని ఎడమ భుజం.

రెండు జన్మల తుపాను

2021 సెప్టెంబరు 26న గులాబ్ అదే కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తీరం దాటిన తుపాను నేల మీద చచ్చిపోవాలి. ఇది చావలేదు. నీరసించి, తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా దక్కన్ అంతా నడిచి, గుజరాత్ దగ్గర అరేబియా సముద్రంలో కాలుపెట్టి, ఒళ్లు విరుచుకుని లేచింది. పేరు కూడా మార్చుకుంది. పాకిస్తాన్ ఇచ్చిన 'గులాబ్' పోయి ఖతార్ ఇచ్చిన 'షాహీన్' వచ్చింది. గులాబీ వెళ్లి డేగై తిరిగొచ్చిందన్నమాట. అక్టోబరు 3న ఒమన్ ఉత్తర తీరాన్ని తాకింది. ఆ తీరానికి అలాంటి తుపాను 1890 తర్వాత ఇదే.

దానికి ముందటేడు, 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండానిదీ ఇదే దారి. దారిలో హైదరాబాద్ తగిలింది. ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన. అదీ అక్టోబరులో, చెరువులన్నీ అప్పటికే నిండి ఉన్నప్పుడు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ఊడ్చేసిన నాడూ ఇదే జరిగింది: వానాకాలం కొసన, ఎగువ చెరువులు ఒకదాని వెనక ఒకటి తెగాయి. తెగినవి రెండు వందలకు పైనే. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టొకటి ఆనాడు నూట యాభై మందిని కొమ్మల్లో దాచుకుందని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

నెల ముందొచ్చిన చుట్టం

రుతుపవనాలు దేశమంతా పరుచుకోవడానికి అప్పటి లెక్కల్లో జులై 15 గడువు. 2013లో అవి జూన్ 16కే పరుచుకున్నాయి. పత్రికలు సంబరపడ్డాయి. ఆ ముందొచ్చిన రుతుపవనాలకు, పడమటి నుంచి వచ్చే చలికాలపు గాలి వరస ఒకటి హిమాలయాల్లో ఎదురైంది. కొండల మీద మంచు ఇంకా కరుగుతూనే ఉంది. కేదార్‌నాథ్ పైనున్న చోరాబారి సరస్సు గట్టు తెగింది. మంచి శకునమని మనం అనుకున్నదే అక్కడ మొదటి హెచ్చరిక.

ఎడారిలో సరస్సు

పెరూ తీరంలో సెచురా ఎడారి. 1997–98 ఎల్‌నినో వానలకు ఆ ఎడారిలో దాదాపు 145 కిలోమీటర్ల పొడవున ఒక సరస్సు ఏర్పడింది. కొన్నాళ్లపాటు అది పెరూలో రెండో పెద్ద సరస్సు. నిన్నటిదాకా ఇసుక తిన్నెలున్న చోట జనం చేపలు పట్టారు. తర్వాత ఎండిపోయింది.

అదే 1997లో, శతాబ్దపు అతి బలమైన ఎల్‌నినోల్లో ఒకటి నడుస్తుండగా, మనకు కరువు రాలేదు. వాన మామూలుగానే పడింది. ఎందుకన్నదానికి ఆధారం రెండేళ్ల తర్వాత దొరికింది. జపాన్‌లో పనిచేస్తున్న ఎన్.హెచ్. సాజి, తోషియో యమగాటా బృందం, హిందూ మహాసముద్రానికి కూడా సొంత ఉయ్యాల ఉందని 1999లో చూపించింది. ఆఫ్రికా వైపు నీళ్లు వేడెక్కి ఇండోనేసియా వైపు చల్లబడితే తూర్పు ఆఫ్రికాలో వరద, ఆస్ట్రేలియాలో కరువు, మన రుతుపవనాలకు ఊతం. 1961లో అది బలంగా ఊగినప్పుడు కురిసిన వానలకు విక్టోరియా సరస్సు, అంత పెద్ద సరస్సు, రెండు మీటర్లకు పైగా లేచింది. ఆ నీళ్లను తెచ్చినదానికి ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత గానీ పేరు దొరకలేదు.

రాత్రి 8 గంటల 11 నిమిషాలు

స్పెయిన్‌లో 'గోతా ఫ్రియా' అంటారు, అంటే చల్లని చుక్క. ఎత్తున పారే గాలి నుంచి ఒక చల్లని ముద్ద తెగిపడి, శరత్కాలపు వెచ్చని మధ్యధరా మీద కూర్చుంటుంది. అది కూర్చుంటే ఏమవుతుందో అక్కడి చిన్నపిల్లలకూ తెలుసు. 2024 అక్టోబరు 29న వలెన్సియా దగ్గర టూరిస్ అనే ఊళ్లో ఒక్క గంటలో 18.46 సెంటీమీటర్లు, రోజంతా కలిపి 77 సెంటీమీటర్లు పడ్డాయి. వాతావరణ సంస్థ ఉదయం ఏడున్నరకే రెడ్ అలర్ట్ ఇచ్చింది. వలెన్సియా విశ్వవిద్యాలయం అయితే ముందు రోజే క్లాసులు రద్దు చేసింది. జనం ఫోన్లు హెచ్చరికతో మోగింది రాత్రి 8:11కి. అప్పటికి చాలా వీధుల్లో కార్లు తేలుతున్నాయి. రెండు వందల ఇరవై మందికి పైగా చనిపోయారు.

అదే ఏడాది ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లోని అల్ ఐన్ దగ్గర 25.48 సెంటీమీటర్లు పడి, 1949 నుంచి ఉన్న రికార్డులన్నీ చెరిగాయి. మేఘమథనం చేసి తెప్పించారని మన తెలుగు వాట్సాప్ గుంపులు తీర్పు చెప్పాయి. దుబాయ్ నుంచి మావాళ్లు పంపిన వీడియోల కింద కూడా అదే మాట. ఆ వాన రోజుల ముందే సూచనల్లో ఉంది. ఎవరో చేశారన్న కథకు మాత్రం ఎవరూ సూచన అడగరు.

ఎగువ కబురు

భద్రాచలంలో వరద భాష అంకెల్లో ఉంటుంది. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. కిరాణా కొట్టులో కూడా ఈ అంకెలు చెప్తే చాలు, వివరణ అక్కర్లేదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990 ఆగస్టులో 70.8. గోదావరి పెద్ద వరదంటే ఆగస్టు అని జనం మనసులో పడిపోయింది. 2022లో వరస తప్పింది. జులై 16కే 71.3 అడుగులు.

ఆ వారం భద్రాచలంలోని ఒక మిత్రుడితో ఫోన్లో మాట్లాడాను. అక్కడ వాన పడుతోందా అని అడిగాను. ఆకాశం వైపు చూసి చెప్తాడనుకున్నాను. ఆయన ఆ ప్రశ్ననే పట్టించుకోలేదు. అంతకు ముందు ఎగువ ఊళ్లలో ఎవరితోనో మాట్లాడినట్టున్నాడు, గబగబా చెప్పేశాడు: "కాళేశ్వరం దగ్గర ఇంకా పెరుగుతోందంట. పేరూరు చూసి మళ్లీ చేస్తా." ఫోన్ పెట్టేశాడు. రాత్రి పదకొండుకు మళ్లీ చేశాడు. వాళ్లమ్మను, రెండు బస్తాల బియ్యాన్ని అప్పటికే మిట్ట మీది చుట్టాలింటికి చేర్చాడట.